తర్జుమా కూలి

రాయగడ స్టేషన్ వెనక, గార్డు పాత్రోగారి కిటికీ
బుధవారం రాత్రి మాకు సినిమా హాలు.
నేల టిక్కెట్టు పావలా.
ఇద్దరికీ అర్ధరూపాయి గవరత్తే కట్టేది,
చెంగు ముడి పళ్ళతో విప్పి.

చెక్క తలుపుల పెట్టెలో ఒక ఇల్లు.
ఇస్త్రీ చొక్కాతోనే భోంచేసే నాన్న,
పనంతా చేసినా కొప్పు చెదరని అమ్మ.
పక్కింటి అద్దం పగలగొట్టే కుర్రాడొకడు,
మట్టి డిబ్బీ పగలగొట్టి ఆ అద్దం కొనిచ్చే పిల్ల ఒకర్తి.
ఎంతటి అప్పయినా ఇరవై రెండు నిమిషాల్లో తీరిపోయేది.
తీరగానే ఎవరో నవ్వేవాళ్ళు.
అత్త మెడ సాచి పెట్టె వెనక్కి చూసేది.
"ఆ నవ్వేవోళ్ళు ఏ గదిలో ఉన్నార్రా?
ఆళ్ళకి కూడెవులు పెడతారు?"

నాకు ఆరో క్లాసు పుస్తకమంత హిందీ వచ్చు.
అది తెలుగులో చెప్పడం నా పని.
అత్తకి ఏమీ రాదనుకునేవాణ్ణి.
కొండ దిగిన ఆడవాళ్ళ దగ్గర సీతాఫలాలు
కువిలో బేరమాడేది.
పోలీసుకి ఒడియాలో దణ్ణం పెట్టేది.
రాయపూర్ పాసింజరు కిటికీల్లోకి
హిందీలో ధర అరిచేది.
ధర ఒక్కటే; మిగతా హిందీ ఆవిడకి సరుకు కాదు.
బండి కదిలాక చిల్లర కోసం పరిగెత్తేది చూడండి,
అది ఏ భాషో నాకిప్పటికీ తెలీదు.

ఆ వారం మా బడివాళ్ళు హాతీపథర్ పిక్నిక్ అన్నారు.
పది రూపాయలు.
పెట్టెలో కుర్రాడిలాంటి నల్ల కళ్ళద్దాలకి ఇంకో పది,
అది నేను కలిపింది.
ఆ బుధవారమే పెట్టెలో కుర్రాడూ చెయ్యి చాపాడు.
పేపరు వెనకనుంచి నాన్న "పాంచ్" అన్నాడు.
తర్వాతి మాట నవ్వుల్లో మునిగిపోయింది.
"ఏటన్నాడ్రా?"
"పిక్నిక్కుకి ఇరవై ఇస్తానన్నాడత్తా.
పిల్లలడిగితే లేదనకూడదట."

అత్త ఏమీ అనలేదు.
తిరిగొస్తుంటే పేపరు మిల్లు వాసన గాలికి ఇటు తిరిగింది.
వీధి దీపం కింద ఆగి ముడి విప్పింది.
"ఏక్. దో. తీన్. చార్. పాంచ్."
నా అరచేతిలో ఒక్కొక్క బిళ్ళా నొక్కి పెట్టింది.
"ఆ బాబు ఇచ్చినంత."

నేను నేల చూశాను.
గుమ్మం దాకా వచ్చాక
మళ్ళీ చెంగు తడుముకుంది.
"ఇది నీ కూలి, ఇన్ని వారాలు సెప్పినందుకు.
ఇంకా రావాల. సగం కోసీసినాను.
పదిహేను రూపాయల అబద్దమాడినావు కదా."
మరో ఐదు.

కళ్ళద్దాలు లేకుండానే వెళ్ళాను పిక్నిక్కుకి.
నాగావళి నీళ్ళలో ఏనుగు రాళ్ళు.
ఎండ కళ్ళలో పడింది, బాగానే ఉంది.

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఆ పాత నాటకాలు దొరికాయి.
వెతికి వెతికి ఆ బుధవారాన్ని పట్టుకున్నాను.
కుర్రాడు చెయ్యి చాపాడు.
పేపరు దించకుండానే అన్నాడు నాన్న:
ఐదు నిమిషాలు ఆగు.
అంతే.
తర్వాత ఆయనా మర్చిపోయాడు, కథ రాసినవాళ్ళూ మర్చిపోయారు.
కుర్రాడు చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.
ఎవరో నవ్వారు.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.
"ఇందులో నవ్వడానికేముంది నాన్నా?" అంది మా అమ్మాయి.
నేను లెక్క వేస్తున్నాను.
అప్పట్లో సీతాఫలాలు రూపాయికి నాలుగు.
పది రూపాయలంటే నలభై కాయలు,
కన్ను విచ్చినవి, నలగనివి,
కిటికీ కిటికీకీ ఎత్తి చూపించినవి.
బండి ఆగేది ఏడు నిమిషాలు.